కార్తీకం వెళ్ళినా విడవని పథ్యం

జారిపోకుండా ఉండడానికే, తేజా. ఆ ఫొటోలో నా గాజులు మోచేతి దగ్గర ఎందుకున్నాయని అడిగావు కదా. మణికట్టు మీద నిలిచేవి కావురా. అంట్లు తోముతుంటే ఒకటి జారి సబ్బునీళ్ళలో పడింది. ఇంకొకటి కొళాయికి తగిలి చిట్లింది. అది చూసి మీ రాజ్యం అత్త మిగతావాటిని పైకి నెట్టి, కింద ఒక రబ్బరు బ్యాండు వేసింది. ఆ రోజుల్లో తీసిన ఫొటో అది. నవ్వుతున్నాను కానీ, అప్పటికి నేను రోజంతా కలిపి తింటున్నది పిడికెడు అన్నం.

ఈ సంగతి మీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నాగపూర్‌లో ఉన్న పిల్లలకు ఖరగ్‌పూర్ కడుపునొప్పి ఎందుకులే అనుకున్నాను. కానీ లహరీ, మొన్న ఫోన్లో నువ్వు పొట్ట ఉబ్బుతోందనీ, నెట్‌లో ఏదో జాబితా చూసి చపాతీ, పాలు, పప్పు, ఉల్లిపాయ అన్నీ ఒకేసారి మానేశాననీ అన్నావు. "దానికి నీ పట్టుదలే వచ్చిందమ్మా" అని మీ అమ్మ మురిసిపోయింది. నేను మురవలేదు. ఆ పట్టుదల మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో నాకు తెలుసు. అందుకే ఓపిక చేసుకుని రాస్తున్నాను. ఇద్దరూ చదవండి.

మొదలైంది రథయాత్ర రోజుల్లో. రథం లాగి వచ్చి అందరం భోజనానికి కూర్చున్నాం. లేచిన కాసేపటికే నా పొట్ట డప్పులా బిగిసిపోయింది. చీర వదులు చేసుకున్నా ఊపిరి ఆడలేదు. అజీర్ణమే కదా అని వాము నమిలి పడుకున్నాను. మర్నాడు మళ్ళీ అంతే. ఆ తరువాత అది రోజూ వచ్చి కూర్చునే చుట్టమైపోయింది. కొన్నాళ్ళు కదలదు, కొన్నాళ్ళు కూర్చోనివ్వదు. అంతకంటే వివరంగా చెప్పను, మీరు ఏం తింటూ చదువుతున్నారో ఏమో.

మన ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు మీ తాతయ్య. ఇరుకు గది, గోడవారగా బెంచీలు, అందరి ఒళ్ళోనూ ప్లాస్టిక్ సంచుల్లో పాత రిపోర్టులు. ఒక బెంగాలీ ఆవిడ తన కొడుకుని లేపి నాకు చోటిచ్చింది. "గ్యాసా దీదీ?" అంది. అవునన్నాను. "ఇక్కడ అందరిదీ గ్యాసే. మనందరికీ ఒక పైపు వేస్తే ఇందా బజారుకి సిలిండర్లు అక్కర్లేదు" అంది. ఆ గదిలో అంతసేపట్లో నవ్వింది అప్పుడొక్కసారే.

ఆ డాక్టరు పీచు తినాలన్నాడు. అన్నం తగ్గించి గోధుమ రొట్టె తినమన్నాడు. రోజూ ఆపిల్, పూటపూటా పప్పు, పడుకునే ముందు పాలు. నేను ఒక్కటి కూడా తప్పకుండా చేశాను. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగితే మీ తాతయ్య ఎలా పరిగెత్తేవాడో, వేళకి అలా తినేదాన్ని. తిన్నకొద్దీ పొట్ట ఇంకా పొంగేది. మళ్ళీ వెళ్ళి చెబితే, "ఇంకొంచెం పీచు పెంచండి" అన్నాడు.

దుర్గాపూజల ముందు బరువు తగ్గడం మొదలైంది. అప్పుడు భయం పట్టుకుంది. ఆ భయం పేరు ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మీ మావయ్య సెలవు పెట్టి నన్ను కోల్‌కతా తీసుకెళ్ళాడు. పేగులోకి కెమెరా పంపి చూశారు. మీ తాతయ్య బయట కూర్చున్నాడు. నాకోసం కొన్న అరటిపండ్లు ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడట. "ఏమీ లేదు, పేగు శుభ్రంగా ఉంది" అని చెప్పగానే లేచి ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఏమీ లేదంటే ఎంత సంతోషం! కానీ నొప్పి ఉంది కదా. అక్కడ పెద్ద డాక్టరు బాగానే వివరించాడు. కొన్ని రకాల పిండి పదార్థాలు కొందరి పేగులో సరిగ్గా అరగవట, లోపల పులుస్తాయట, ఆ పులుపుకి గాలి పుడుతుందట. నాకు వెంటనే అర్థమైంది. రుబ్బి ఉంచిన దోసెల పిండి తెల్లారేసరికి గిన్నె మూత లేపుతుంది చూడండి, అదే నా కడుపులో జరుగుతోంది. అలా పులిసేవాటిని తగ్గించాలన్నాడు. "ప్యాజ్ బంద్, లహసున్ బంద్" అని, మిగతావన్నీ ఇందులో ఉన్నాయంటూ ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టాడు. బయట జనం. మేం లేచి వచ్చేశాం.

తిరిగొచ్చే లోకల్ రైల్లో కూర్చున్నాక మీ మావయ్యని అడిగాను. "ఏటి రాసినాడురా?"

వాడు ముందురాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు, కళ్ళు మూతపడుతున్నాయి. పై రెండు వరసలు చూసి కాగితం మడిచేశాడు. "ఉల్లి, ఎల్లుల్లి ఒగ్గేయాల. అంతేనమ్మా. కార్తీకం తిండి. నీకు కొత్తా ఏటి?"

"ఓస్, ఇంతేనా!" అన్నాడు మీ తాతయ్య.

నాకూ అలాగే అనిపించింది. ఎలాగూ కార్తీకమాసం దగ్గరికొచ్చింది. పెళ్ళైన నాటినుంచి ఆ నెల మనింట్లో ఉల్లి, వెల్లుల్లి, చేప ముట్టం. మందు తిండీ వ్రతం తిండీ ఒకటే అయిపోయాయి, పుణ్యమూ ఆరోగ్యమూ కలిసొచ్చాయి అనుకున్నాను. అక్కడే తప్పటడుగు పడింది. తెలుగింటి ఆడదానికి ఉల్లి వెల్లుల్లి లేని వంట అంటే ఏమిటి? ముద్దపప్పు, శనగ గుగ్గిళ్ళు, బొబ్బర్ల వడలు, పాల పరమాన్నం. ఆ కాగితంలో ఉల్లిపాయ కింద వరసగా ఉన్నవి సరిగ్గా అవే. మేమెవరమూ అంతదూరం చదవలేదు.

ఆ నెలంతా భక్తిగా తిన్నాను. పైగా నేను ఏదో దీక్ష పట్టానని వీధిలో పేరొచ్చింది. సోమవారం సోమవారం ఎవరో ఒకరు గుగ్గిళ్ళు తెచ్చేవాళ్ళు. ప్రసాదం కాదనగలనా? కళ్ళకద్దుకుని తినేదాన్ని. ఆనక గదిలో కాళ్ళు ముడుచుకుని పడుకునేదాన్ని.

మన పక్కింటి శీలాదీ మీకు తెలుసు కదా, మీరు వచ్చినప్పుడల్లా మురీలు, అదే మరమరాలు, కలిపి పెట్టే బెంగాలీ ఆవిడ. ఒక మధ్యాహ్నం వచ్చి నా కంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓ మా! ఏ కీ బౌదీ? పేయాజ్ లేదు, రసున్ లేదు, మాఛ్ కూడా లేదు?" తరువాత గొంతు తగ్గించి, "దాదా తో బేచే ఆఛే!" అంది.

అంటే, వదినా, మీ ఆయన బతికే ఉన్నాడు కదా అని. వాళ్ళ పాతకాలం ఇళ్ళలో ఉల్లి, వెల్లుల్లి, చేప మానేసేది భర్త పోయిన ఆడవాళ్ళు. ముత్తైదువ అలా తింటే ఆ మగాడికి అరిష్టమని వాళ్ళమ్మ చెప్పేదట.

వరండాలో పేపరు చదువుకుంటున్న మీ తాతయ్య అక్కడినుంచే కేకేశాడు. "ఆఛి దీదీ, ఆఛి! ఏఖనో ఆఛి!"

ఉన్నాను, ఇంకా ఉన్నాను అని. శీలాదీ నాలిక కరుచుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వితే పొట్ట నొప్పెట్టింది. అది చూసి ఆవిడ నవ్వు ఆపేసింది. "వ్రతమైతే ముఖం వెలగాలి బౌదీ. నీ ముఖం ఆరిపోతోంది" అంది.

పోలి పాడ్యమినాడు దీపాలు వదిలేశాం. కార్తీకం వెళ్ళిపోయింది. మర్నాడు రాజ్యం చేపల పులుసు పెట్టింది. వీధి వీధంతా ఉల్లిపాయలు వేగే వాసన. అందరి నియమమూ తీరింది, నాది తీరలేదు. నా గిన్నె వేరుగా ఉంది.

"అత్తా, మీకిలా ఎన్నాళ్లండి?" అంది రాజ్యం.

"డాక్టరు సెప్పలేదే. అలా ఉండాల మరి."

అది వినగానే దానికి అనుమానం వచ్చింది. మీ మావయ్య సంచీలోంచి కాగితం తీసి, ఫోన్ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాటా తెలుగులోకి మార్చుకుంటూ కూర్చుంది. నేను బియ్యం ఏరుతున్నాను. కాసేపటికి చూస్తే దాని కళ్ళనిండా నీళ్ళు.

"ఏటే, ఏటైంది?"

"అత్తా, దీంట్లో శనగలున్నాయి. పప్పులున్నాయి. పాలున్నాయి, గోధుమలున్నాయి, ఆపిల్ ఉంది. ఇయ్యన్నీ ఒద్దని రాసినారు. మనం నెల్లాళ్ళు మీకు ఏరేరి ఇయ్యే పెట్టినాం!"

"నువ్వు పెట్టినావా? నాను వొండుకు తిన్నాను. దేవుడికి పెట్టి మరీ తిన్నాను" అన్నాను. "ఏడవకు. ఇప్పుడు తెలిసింది గదా. సూద్దాం, ఇంక దాని సంగతేటో."

అవన్నీ మానేశాను. నిజం చెప్పాలి కదా, కొద్దిరోజుల్లోనే పొట్ట మెత్తబడింది. రథయాత్ర తరువాత మొదటిసారి కడుపు ఉన్నట్టే తెలియకుండా ఒక పూట గడిచింది. అక్కడితో కథ ఆగిపోయి ఉంటే నేను మీకు ఇదంతా రాసేదాన్నే కాదు.

ఇంత మేలు జరిగింది కదా, ఇంకా గట్టిగా నోరు కట్టుకుంటే జబ్బు పూర్తిగా పోతుందనుకున్నాను. ఒకరోజు మళ్ళీ కొంచెం ఉబ్బితే, ఇంకా ఏదో దొంగ మిగిలిపోయాడు, పట్టుకోవాలి అనుకున్నాను. విశాఖపట్నం నుంచి మా చెల్లెలు వాళ్ళ డాక్టరు ఇచ్చిన కాగితం ఫోన్లో పంపింది. మీ తాతయ్య స్నేహితుడు ఇంకొకటి తెచ్చాడు. మీ మావయ్య వీడియోలు చూసి చెప్పేవాడు. ఏ రెండూ కలవవు. ఒకదాంట్లో పండిన అరటి మంచిది, ఇంకొకదాంట్లో పచ్చిగా ఉన్నదే మంచిది. ఒకరు పెరుగు అమృతమంటారు, ఒకరు పాలతో పుట్టినవేవీ ముట్టొద్దంటారు. ఇడ్లీ అప్పటికే పులిసింది కాబట్టి మంచిదని ఒకరు, పులిసింది కాబట్టే వద్దని ఒకరు. ఉల్లికాడల పచ్చ భాగం తినొచ్చట, తెల్ల భాగం తినకూడదట. అదైనా అందరూ ఒప్పుకున్నారా అంటే లేదు. ఇక ఆనపకాయ, చోళ్ళు (మీరు రాగులంటారు) ఆ ఇంగ్లీషు కాగితంలో లేనే లేవు. మంచివో చెడ్డవో రాయలేదు. మా అమ్మ చోడంబలి తాగించి పెంచిన కడుపు నాది. ఆ గింజ పేరే వాళ్ళకు తెలియదు.

నేనేం చేశానో తెలుసా? అన్ని కాగితాలూ ఒప్పుకున్నవి మాత్రమే తింటాననుకున్నాను. ఒక్కరు వద్దన్నా మానేయడమే. తెలివైన పనే అనిపించింది. పంచాయితీలో అందరూ సరేనన్నదే కదా తీర్పు! కొత్త కాగితం వచ్చినప్పుడల్లా నా కంచంలోంచి ఒకటి లేచిపోయేది. చలి ముదిరేసరికి మిగిలినవి అన్నం, క్యారెట్, బంగాళాదుంప, ఉడికించిన గుడ్డు. కొన్నాళ్ళకు దుంప మీద కూడా అనుమానం వచ్చింది.

ఆకలి వేస్తే మామూలు మనుషులకు నోరూరుతుంది. నాకు గుండె దడదడలాడేది. ఇప్పుడు తినాలి, తింటే ఏమవుతుందో అని. పేరంటాలకు వెళ్ళడం మానేశాను. ఒక పెళ్ళికి డబ్బాలో నా అన్నం పట్టుకెళ్ళి, ఒక మూల గోడవైపు తిరిగి తిన్నాను. గాజులు పైకెక్కింది అప్పుడే.

ఇంట్లో కూడా చల్లగా లేదు. నాకు చిన్న స్టవ్ వేరుగా పెట్టుకున్నాను, రాజ్యం గరిటె నా గిన్నెలో పడుతుందేమోనని. ఒకరోజు అది బజారు నుంచి వచ్చి సంచీ దబ్బున పడేసింది.

"బజార్లో అందరి ముందూ అడిగినారు అత్తా. అత్తాకోడళ్ళు ఏరు కుంపట్లు పెట్టేసినారంట గదా అని. నానేటి సెప్పాల?"

"నా కడుపు బాలేదని సెప్పు."

"సెప్పినాను. డాక్టర్లు ఏటీ లేదన్నారంట గదా అంటన్నారు. నా సెయ్యి మంచిది కాదా ఏటి? నాను తాకితే మీకు పడదా?"

అది పెళ్ళైన కొత్తలో పప్పు మాడిస్తే, మాడిన భాగం నా కంచంలో వేసుకుని తిన్నదాన్ని నేను. ఇప్పుడు దాని గరిటెకు భయపడుతున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మీ తాతయ్య వచ్చి నా పక్కన కంచం పెట్టుకున్నాడు. "ఏటే, నాకూ అదే ఎయ్యి" అన్నాడు. వద్దన్నా వినలేదు. ఉప్పు తప్ప ఏమీలేని క్యారెట్ అన్నం రెండు ముద్దలు తిని ఆగాడు.

"దీనికంటే మా వర్క్‌షాపు కేంటీన్ కూర నయమే" అన్నాడు.

"నిన్నెవుడు తినమన్నాడు?"

ఆయన నవ్వలేదు. ఇంకో ముద్ద కలుపుతూ మెల్లగా అడిగాడు. "ఒక్క మాట సెప్పు. నువ్వు బాగవడానికి ఇది తింటన్నావా, భయపడి తింటన్నావా?"

పిల్లలూ, ఏ డాక్టరూ అడగని మాట అది. జవాబు నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కంచం తీసేసి గట్టిగా అన్నాను. "నాను ఈ ఇంట్లో అందరితో ఒక్క గిన్నెలో కూడు తినాల. తింటాను. తోవ ఎవరు సూపిస్తారో సూస్తాను."

తోవ చూపించింది శీలాదీ. వాళ్ళ అక్క కూతురికి ఇలాగే ఉండి మేదినీపూర్‌లో ఒక అమ్మాయి దగ్గర నయమైందట, తిండి విషయమే చూసే అమ్మాయట. ఫాల్గుణంలో ఒక ఉదయం నన్నూ రాజ్యాన్నీ వెంటబెట్టుకుని రైలెక్కింది. కాంసాయి నది వంతెన మీద బండి వెళ్తుంటే రాజ్యం నా చెయ్యి పట్టుకుంది. స్టవ్ గొడవ తరువాత అది నన్ను తాకడం అప్పుడే.

ఆ అమ్మాయి నా కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. కళ్ళద్దాలు సరిచేసుకుని అన్నీ చదివింది. నేను ఏం తింటున్నానో చెప్పించుకుంది. రాసుకుంటున్న పెన్ను మధ్యలో ఆగిపోయింది.

"మాసీమా, ఎప్పటినుంచి ఇలా తింటున్నారు?" అంది. మాసీమా అంటే పిన్నిగారు.

"కార్తీకం ఎల్లినప్పటినుంచి" అన్నాను. శీలాదీ దాన్ని బెంగాలీలో చెప్పింది.

"ఇది కొన్ని వారాలకే మాసీమా. నొప్పి తగ్గిందా లేదా చూడ్డానికి. తగ్గితే ఆపేసి, ఒక్కొక్కటీ మళ్ళీ తినడం మొదలుపెట్టాలి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. మీరు మొదటి మెట్టు మీదే చాప వేసుకుని కాపురం పెట్టేశారు."

నేను రాజ్యం ముఖం చూశాను, అది నా ముఖం చూసింది.

కాగితాలు ఎందుకు కలవవో కూడా చెప్పింది. ఒకరు చిన్న ముక్కకు కొలిచి మంచిదంటారు, ఇంకొకరు గిన్నెడుకు కొలిచి వద్దంటారు. కాయకు ఒక లెక్క, అదే పండితే ఇంకో లెక్క. కొన్ని కాగితాలు పాతవి, తరువాత కొలతలు మారాయి. లేని పేర్లు వద్దని కాదు, ఆ కాగితం రాసినచోట వాటిని ఎవరూ కొలవలేదని. "అన్నీ ఒప్పుకున్నదే తింటే చివరికి గాలి భోంచేయాలి. ఈ కాగితాలు మీ గురించి కాదు మాసీమా. మీ గురించి మీ కడుపే చెప్పాలి. అడిగి చూద్దాం" అంది.

రైల్లో వచ్చేటప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కామెర్లకు, ప్రసవానికి, విషజ్వరానికి, దేనికి పథ్యం పెట్టినా గడువు చెప్పి పెట్టేది. ఆ రోజు రాగానే తలకు పోసి, ముందుగా ఏ కూర తినాలో ఆ కూర తనే వండి ఎదురుగా కూర్చుని తినిపించేది. దాన్ని పథ్యం విడవడం అనేవాళ్ళు. చదువు లేని మనిషి. జబ్బులన్నీ ఆవిడకు తెలుసని నేననను, ఎన్నో తెలియవు. కానీ పథ్యానికి రెండు చివర్లుంటాయని తెలుసు.

మొదట పెసరపప్పు. ముద్ద కాదు, పైన తేరిన కట్టు. రాజ్యం గరిటెతో నాలుగు చుక్కలు నా అన్నం మీద వేసి, అక్కడే కూర్చుంది. "అలా సూడకే, నాకు భయమేస్తంది" అన్నాను. "మీరు తినండి, నాను గోడని సూస్తాను" అని అటు తిరిగి కూర్చుంది. ఆ పప్పుకట్టు రుచి నేను మీకు చెప్పలేను. ఏళ్ళ తరబడి తిన్నాను, అంత రుచి ఎప్పుడూ తెలియలేదు. సాయంత్రం దాకా ఎదురుచూశాం. ఏమీ కాలేదు. మర్నాడు కొంచెం పెంచాం.

అన్నీ అలా నెగ్గలేదు. పాలు తాగిన రోజు మళ్ళీ కాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. పెరుగు మాత్రం పడింది. వెల్లుల్లి ఒక్క రేకుకే నన్ను ఓడించింది. అప్పుడు ఇంక చాలు, మళ్ళీ క్యారెట్ అన్నమే నయమనిపించింది. గిన్నె కూడా తీశాను. రాజ్యం ఆ గిన్నె నా చేతిలోంచి లాక్కుంది.

"ఎల్లుల్లి ఓడించింది గాని, మిగిలినవి ఏటి సేసినాయి అత్తా? ఆటితో మనకి పేచీ లేదు గదా! పొట్ట సల్లబడనీండి, ఆనక ఆనపకాయ సూద్దాం."

చల్లబడ్డాక ఆనపకాయ తిన్నాను. ఏమీ చేయలేదు. చోడంబలి తాగాను, అదీ బాగానే దిగింది. గోధుమరొట్టె ఒకటైతే పరవాలేదు, రెండోదానికి పొట్ట అడ్డం తిరుగుతుంది. ఉల్లిపాయ బాగా వేగి పులుసులో కొద్దిగా కలిస్తే ఊరుకుంటుంది, పచ్చిది ఊరుకోదు. శనగలతో నాకు ఈ జన్మకి పొత్తు లేదు. ఎండాకాలం వచ్చాక మామిడిపండు ఒక చెంప తిన్నాను, టెంక రాజ్యానికిచ్చాను.

లహరీ, ఇవి చదివి నువ్వు ఇంకో జాబితా రాసుకోకు. నాకు పడని పాలు నీకు పడొచ్చు, నాకు పడిన ఆనపకాయ నిన్ను ఏడిపించొచ్చు. ముందు ఒక డాక్టరుకి చూపించుకుని, పెద్దదేమీ లేదని తేల్చుకో. ఆనక ఏదైనా మానమంటే, ఎప్పటిదాకా అని అడుగు. అడిగి జవాబు విన్నాకే కుర్చీలోంచి లే.

వైశాఖంలో ఒక ఆదివారం రాజ్యం నా చిన్న స్టవ్ తుడిచి అటక మీద పెట్టేసింది. వెల్లుల్లి లేకుండా ఒకే పులుసు, ఒకే ఆనపకాయ కూర, ఒకే చేపల వేపుడు. మీ మావయ్యకు కొంచెం చప్పగా అనిపించి ముఖం ముడిచాడు.

"ఎల్లుల్లి లేదా ఏటి?"

"కావాలంటే పచ్చిది నంజుకో. గిన్నె మాత్రం ఒకటే" అంది రాజ్యం.

శీలాదీని కూడా భోజనానికి పిలిచాం. నా కంచంలో చేపముక్క చూసి, మీ తాతయ్య వైపు తిరిగి, "దాదా, ఇక మీ ఆయుష్షుకి భయం లేదు" అంది. ఆయన రెండోసారి పులుసు పోయించుకున్నాడు. నేను కూడా పోయించుకున్నాను. నన్నెవరూ చూడడం లేదు, అందరూ తినడంలో ఉన్నారు. అదే నాకు కావలసింది.

మొన్న శీలాదీతో మళ్ళీ మేదినీపూర్ వెళ్ళాను, చివరిసారి చూపించుకోవడానికి. బయట బెంచీ మీద నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. చేతిలో అచ్చుకాగితం, మడతల దగ్గర చిరిగిపోయి, ప్లాస్టరు అతికించి ఉంది. నా వచ్చీరాని బెంగాలీలో అడిగాను, ఎప్పటినుంచి అని. పోయిన పూజల నుంచి అన్నాడు. ఎప్పటిదాకా అన్నారు అని అడిగాను. ఆయన కాగితం ముందు వైపు చూశాడు, తిప్పి వెనక వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

లోపల ఆ అమ్మాయి నా బరువు చూసి చప్పట్లు కొట్టింది. ఇంక రానక్కర్లేదంది. నేను లేవలేదు.

"తల్లీ, ఆ కాగితాల మీద తినకూడనివి పైనుంచి కిందదాకా ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడు తినాలో ఒక్క వరస ఎందుకు ఉండదు?"

"నేను ఇచ్చేవాటిమీద రాస్తాను మాసీమా."

"నువ్వు రాస్తావు. ఏది ఎంత పులుస్తుందో గింజ గింజా కొలిచినవాళ్ళున్నారు గదా. ఆళ్ళకి తెలుసు గదా, ఇది కొన్నాళ్ళకే అని. మరి ఎందుకు రాయరు?"

ఆ అమ్మాయి కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. ఏదో చెప్పబోయింది. ఇంతలో తలుపు తీసుకుని ఆ బెంచీ మీది ఆయన లోపలికి వచ్చాడు, ఆయన వంతు. నిలబడలేకపోతున్నాడు. నేను లేచి ఆ కుర్చీ ఆయనకిచ్చి బయటికి వచ్చేశాను.

రైల్లో శీలాదీ ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. నాకొకటీ చెవికెక్కలేదు. తినొద్దని చెప్పడానికి అంతమంది ఉన్నారే, మళ్ళీ తినమని చెప్పడం ఎవరి పని?